అణువుల మూసలు

(వార్షిక మహాసభయందు చదువబడిన ప్రసంగ పాఠము)



ఈ మహాసభలో రసాయనశాస్త్రమునుగూర్చి కొంత ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు నన్ను కోరిరి. మన సభలలో కులచరిత్రమును, విద్యాభివృద్ధిని, విద్యార్థి వసతిగృహములను, వివాహవ్యయములను గూర్చి మాటలాడుట పరిపాటి. వాని నడుమ అణువుల ముచ్చట యేలయని కొందఱు తలంపవచ్చును. కాని నేను చెప్పదలచిన విషయము మన వృత్తులకు మిక్కిలి చేరువైనది. అది మూస. కమ్మరి, వడ్రంగి, కంచరి, శిల్పి, కంసాలి అను మన యైదు వృత్తులవారికిని అచ్చులు, మూసలు, కొలకఱ్ఱలు నిత్యము చేతిలో మెలగునవి. కంటికి గానరాని అణువులకు గూడ మూసలు గలవనియు, వాని సహాయము లేక కొన్ని పదార్థములు చేయుటయే దుర్ఘటమనియు రసాయనశాస్త్రజ్ఞులు గడచిన నూఱేండ్లలో కనుగొనిరి. ఆ కథను మీకు విన్నవించుటయే నా పని.

మొదట నొక మాట. పాశ్చాత్యులు కనుగొనిన వన్నియు మన ప్రాచీన గ్రంథములలో నున్నవేయని సభలలో చెప్పుట కలదు. నేనట్లు చెప్పుటకు రాలేదు. మన పూర్వులకు అణువుల యాకృతి తెలియదు. దానిని తెలిసికొనుటకు వలసిన సాధనములు వారికి లేవు. తెలియకపోవుట వారికి కొఱతయు గాదు. వారికి చక్కగా తెలిసినది వేఱొకటి గలదు. దాని నున్నదున్నట్లు చెప్పుకొన్నను మనకు చాలినంత గౌరవము గలదు. లేనిది చేర్చినచో ఉన్నదియు నమ్మబడదు.

వారికి తెలిసినది మూస యొక్క మర్మము. మైనపు బొమ్మతో విగ్రహములు పోతపోయు విధానమును మీరెఱుగుదురు. సంస్కృతమున దీనికి మధూచ్ఛిష్ట విధానమని పేరు. పశ్చిమ చాళుక్యరాజగు మూడవ సోమేశ్వరుని పేర 12వ శతాబ్దమున వెలసిన మానసోల్లాసమున ఈ పద్ధతి వర్ణింపబడినది. తెలంగాణమున ఆదిలాబాదు ప్రాంతపు ఓజా కళాకారులు నేటికిని ఈ పద్ధతిని ఇత్తడి బొమ్మలు చేయుచున్నారు. మైనముతో రూపము తీర్తురు. దానిపై మెత్తని మట్టిని పూతలు పూతలుగా పూసి యారబెట్టుదురు. పిమ్మట కాల్చినపుడు మైనము కరగి వెలికి పోవును. ఆ ఖాళీలో కరగిన లోహమును పోయుదురు. చల్లారిన తరువాత మట్టిని పగులగొట్టుదురు. బొమ్మ వెలువడును.

ఈ పనిని నిదానించి చూచినచో ఇందులో రెండు మూసలు గలవు. మైనము మట్టికి మూస. మట్టి లోహమునకు మూస. మైనము కరగి తొలగినది. మట్టి పగిలి తొలగినది. రూపము మాత్రము ఒకదానినుండి యొకదానికి సంక్రమించి కడకు లోహమున నిలిచినది. కావున మంచి మూసకు మూడు ధర్మము లుండవలెను. చెదరిపోవుదానిని ఒకచోట కూర్చవలెను. కూర్చినదానికి రూపము నీయవలెను. రూపము కుదిరిన పిమ్మట విడువవలెను. మొదటి రెండింటిని అందఱు నెఱుగుదురు. మూడవదాని కష్టము పనివానికే తెలియును. విగ్రహము చక్కగా నిండియు మూసనుండి యూడిరాక పాడైన దినము ఏ కంచరి యింటిలో లేదు?

ఇక అణువుల సంగతి. 18 గ్రాముల నీటిని, అనగా ఒకటి రెండు గుక్కల నీటిని, గైకొనుడు. అందలి అణువుల సంఖ్య 6 పక్కన 23 సున్నలు పెట్టినంత. చిన్న అణువుల పరిమాణము నానోమీటరు లెక్కలోనిది; నానోమీటరనగా మనుష్యుని తలవెండ్రుక మందములో సుమారు లక్షవవంతు. ఇంత సూక్ష్మమైన వస్తువును పట్టుకొనుటకు పట్టుకారు లేదు, మలచుటకు ఉలి లేదు. అవి యూరకయు నుండవు. వేడిమిచే నిరంతరము పరుగులెత్తుచు ఒకదానినొకటి ఢీకొనుచుండును. రసాయనశాస్త్రజ్ఞుడు చేయగలిగినది రెండు పదార్థములను పాత్రలో కలిపి, తగిన కాక నిచ్చి, అవి తమలో తాము కలియుటకు వేచియుండుటయే.

సాధారణమైన పనులకు అంతమాత్రము చాలును. కాని యొక పొడవైన అణువు తన రెండు కొనలను తానే కలుపుకొని ఉంగరము కావలెనన్నచో చిక్కు వచ్చును. దాని తల దాని తోకనే చేరునన్న నియమ మేమియు లేదు; ప్రక్కనున్న మఱొకదాని తోకను పట్టుకొనవచ్చును. అది యింకొకదానిని పట్టుకొనును. కడకు ఉంగరములకు మాఱుగా చిక్కుపడిన త్రాళ్లు మిగులును. కావలసినది నూటికి ఒకపాలయినను దొరకదు. తలను తోకను ఒకచోటికి చేర్చి పట్టియుంచువాడు కావలెను. ఆ పట్టియుంచు వస్తువే అణువుల మూస.

ఇట్టి మూస మొట్టమొదట ఆధునిక పరిశ్రమకు కనబడిన రీతి వింతైనది. 1928లో స్కాట్లండు దేశమున గ్రేంజ్‌మౌత్ అను ఊరిలోని రంగుల కర్మాగారమున థాలిక్ అన్‌హైడ్రైడు అను పదార్థమును కరగించి, దానిలోనికి అమోనియా వాయువును పంపుచు, తెల్లని థాలిమైడు అను పదార్థమును తయారుచేయుచుండిరి. పాత్ర యినుపది, లోపల గాజుపూత. ఒకచోట పూత చిట్లి ఇనుము బయటపడెను. తెల్లగా నుండవలసిన సరకులో నీలిరంగు నలకలు కనబడెను. మఱియొకరయినచో పాత్రను మార్చి ఆ నలకలను పాఱవేసి యుందురు. అచ్చటివారు వానిని దాచి పరీక్షించిరి. 1934 నాటికి లండనులో లిన్‌స్టెడ్ అను ఆచార్యుడు దాని నిర్మాణమును నిర్ణయించెను. నాలుగు సమానమైన తునకలు ఒక లోహ పరమాణువు చుట్టును చేరి వలయముగా కూడుకొనినవి. లోహము నడుమ చక్రమునకు నాభివలె నున్నది. తునకలు నాలుగును ఆకులవలె దానిని ఆనుకొనియున్నవి. ఆ యినుము మఱెక్కడిదియు గాదు, చిట్లిన పాత్రదే. ఇనుమునకు మాఱుగా రాగిని నిలిపినచో మఱింత చక్కని నీలము వచ్చును. 1935నుండి అమ్మబడుచున్న ఆ రాగినీలము నేటికిని ముద్రణపు సిరాలలోను ఇండ్లకు వేయు రంగులలోను విరివిగా వాడబడుచున్నది. మీ చేతులలోని ఆహ్వానపత్రికపై నీలిరంగున్నచో అది ఈ పదార్థమే యగుట సంభవము.

ఇచ్చట మూస పైనుండి కప్పునది గాదు. నడుమ నిలిచి చుట్టును చేర్చునది. అమెరికాలో డారిల్ బుష్ అను రసాయనశాస్త్రజ్ఞుడు 1960వ దశాబ్దమున నికెలు మున్నగు లోహములతో పరిశోధనలు చేసి, లోహపు అయాను తన చుట్టును గల తునకలను తగిన దిశలలో నిలిపి వానిని వలయముగా కలియజేయునని నిరూపించి, దీనిని మూస ప్రభావమను పేర శాస్త్రములో నిలిపెను. ఆ దినములలోనే, 1967లో, చార్లెస్ పెడర్సెన్ అనునాతడు కిరీటమువంటి వలయాణువులను ప్రకటించెను. వాని నడిమి ఖాళీ కొలతను బట్టి ఒకదానిలో సోడియము, ఒకదానిలో పొటాసియము చక్కగా ఇముడును. వానిని చేయునపుడు ఆ లోహపు అయానులే మూసలుగా నిలిచి, పొడవైన గొలుసును తమచుట్టు వంచి కొనలను చేరువ చేయునని తరువాత తేలినది. వ్రేలికొలతను బట్టి ఉంగరము వంచు కంసాలికి ఇందలి సొగసు వేఱుగా చెప్పనక్కఱలేదు. పెడర్సెన్, క్రామ్, లేన్ అను మువ్వురకు 1987లో నోబెలు బహుమానము లభించెను.

ఉంగరమైనది. ఇక గొలుసు. కంసాలి గొలుసు చేయునపుడు ఒక కొండీని తెఱచి రెండవదానిలో దూర్చి, కొనలు కలిపి టంకము వేయును. రెండు కొండీలు ఎచ్చటను అతుకుకొనియుండవు, అయినను విడదీయరావు. అణువులతో ఇట్టి గొలుసు చేయవచ్చునా యని శాస్త్రజ్ఞులు చిరకాలము తలపోసిరి. 1960లో వాసర్‌మన్ అనునాతడు వలయములను, తెఱచియున్న గొలుసులను కలిపి, కొన్నియైనను యాదృచ్ఛికముగా దూరకపోవునా యని ప్రయత్నించెను. కొన్ని దూరినవి, కాని ఫలము నూటికి ఒకపాలును లేదు. అది చీకటిలో దారమును విసరి సూదిబెజ్జమున పడునని వేచియుండుట వంటిది.

1983లో ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గు నగరమునందు ఝాన్ పియర్ సొవాజ్ అను ఆచార్యుడును ఆతని సహచరులును రాగి అయానును మూసగా నిలిపిరి. రాగి అయాను ఆ స్థితిలో తన చుట్టును నాలుగు దిక్కుల పట్లను కోరును. వారు వంపు గలిగిన అణువుల రెంటిని చేసిరి. ఒకటి అప్పటికే వలయము. రెండవది కొనలు తెఱచిన వంపు. రెంటిని రాగి పట్టుకొనినపుడు అవి అడ్డముగా, ఒకదానిలోనుండి యొకటి దూరినట్లు నిలిచెను. దూరిన దాని కొనలు కలిపిరి. కొండీలు రెండును ఒకదానిలో నొకటి పడెను. ఫలము నూటికి 42 పాళ్లు. ఒకపాలు గూడ రానిచోట 42 వచ్చుటకు కారణము నడుమ నిలిచిన ఆ యొక్క రాగి కణమే.

పని ఇంతటితో ముగియలేదు. రాగి నడుమ నున్నంతకాలము ఆ కొండీలు కదలలేవు, కట్టుబడియుండును. కావున వారు సయనైడు ద్రావణమును చేర్చి రాగిని వెలికి లాగివైచిరి. అపుడు కొండీలు స్వేచ్ఛగా ఒకదానిలో నొకటి తిరుగసాగెను. ఇట్టి కదలికనుండియే అణువులతో యంత్రములు చేయు విద్య మొలకెత్తెను. 2016లో సొవాజ్, స్టాడర్ట్, ఫెరింగా అను మువ్వురకు నోబెలు బహుమానము వచ్చినది ఇందుకే. మూస నిలిచియున్నచో అది అందమైన కట్టు మాత్రమే. తొలగిన తరువాతనే యంత్రమునకు దారి యేర్పడినది.

మైనపు పోతకు మఱింత చేరువైన యుదాహరణము జియోలైటులు. ఇవి సిలికాను, అల్యూమినియము, ఆక్సిజను కూడిన స్ఫటికములు. వీనినిండ అణువుల కొలతకు తగిన సన్నని సొరంగము లుండును. జడ్.ఎస్.ఎం.-5 అను పేరు గలది 1972లో అమెరికాలో పేటెంటు పొందినది. దానిని చేయుటకు సిలికా ముద్దలో ఒక కర్బన పదార్థపు అయానును చేర్చి కాక మీద నుంచుదురు. స్ఫటికము ఆ అయానుల చుట్టును పెరుగును. సొరంగములు కలియు కూడలులలో అయానులు చిక్కువడి యుండును. వచ్చినదారి పట్టున వెలికి పోజాలవు. అపుడు గాలిలో సుమారు 550 డిగ్రీల వేడిమికి కాల్తురు. అయానులు కాలి ఆవిరియై పోవును. ఖాళీ సొరంగములు మిగులును. మన మైనము పోవు రీతియే యిది. ఆ సొరంగముల వెడల్పు సుమారు అర నానోమీటరు. కమ్మచ్చులోని బెజ్జ మెంతయో తీగ యంతే వచ్చునట్లు, ఆ సొరంగములలో ఇముడు అణువులే రాకపోకలు సాగించును. లావైనవి వెలుపలనే యుండును. పెట్రోలు శుద్ధిచేయు కర్మాగారములు ఈ జల్లెడలపై మిక్కిలి ఆధారపడియున్నవి. కాల్చుట మఱచినచో సొరంగములు మూసికొనియే యుండును. ఆ పదార్థము మూల్యము లేని మట్టి.

ఇచ్చట నొక సిద్ధాంతపు కథను గూడ చెప్పవలెను. 1940లో లైనస్ పాలింగ్ అను మహాశాస్త్రజ్ఞుడు మన దేహములోని ప్రతిరక్షక పదార్థములు రోగకారక పదార్థమును మూసగా గైకొని దాని చుట్టును ముడుచుకొని రూపము పొందునని ఊహించెను. ఆ యూహ నిలువలేదు. 1957లో బర్నెట్ ప్రతిపాదించిన మార్గమే తరువాత స్థిరపడినది: దేహము ముందుగానే నానావిధములైన ప్రతిరక్షకములను సిద్ధముగా నుంచును, వానిలో సరిపడినదే పెంపొందును. అయినను పాలింగ్ ఊహ వ్యర్థము కాలేదు. ఆతనియొద్ద పనిచేసిన డిక్కీ అను యువకుడు 1949లో ఒక రంగుపదార్థము సమక్షమున సిలికా జిగురును గట్టిపఱచి, పిమ్మట రంగును కడిగివైచెను. ఆ సిలికా అట్టి యితర రంగులకంటె తన రంగునే యెక్కువగా పట్టుకొనెను. రంగు పోయినను దాని గుఱుతు పోలేదు. 1972నుండి జర్మనీలో వుల్ఫ్ మున్నగువారు ప్లాస్టికు వంటి పదార్థములలో ఇట్టి ముద్రలు వేసిరి. నేడు కలగలుపులనుండి కోరిన పదార్థమును ఏఱివేయుటకు ఇట్టి ముద్రపదార్థములు ఉపయోగపడుచున్నవి. దేహమును గూర్చిన సిద్ధాంతము తప్పినను దానినుండి పుట్టిన పనితనము నిలిచినది.

ఇంతవరకు చెప్పిన మూసలన్నియు మనుష్యులు నిలిపినవి. జీవకోటిలో మూస తానే వస్తువు, వస్తువే మూస. డి.ఎన్.ఏ. అను పదార్థము రెండు పేటల గొలుసు. 1953లో వాట్సన్, క్రిక్ అనువారు దాని నిర్మాణమును ప్రకటించిరి. ఒక పేటలో ఆడెనీను ఉన్నచోట రెండవ పేటలో థైమీను, గ్వానీను ఉన్నచోట సైటోసీను ఉండితీరవలెను. కావున ఒక పేట చేతనున్నచో రెండవది యెట్లుండవలెనో తెలియును. ఒకటి రెండవదానికి మూస. కణము విభజన పొందునపుడు పేటలు విడిపోయి, ఒక్కొక్కటియు తనకు జతను కూర్చుకొనును. సంతానములో ఒక పేట పాతది, ఒక పేట క్రొత్తదని 1958లో మెసెల్సన్, స్టాల్ అనువారు ప్రయోగముచే నిరూపించిరి.

పేటలు విడిపోవుట యెంత ముఖ్యమో 1983లో కేరీ మలిస్ కనుగొనిన పద్ధతి తేటపఱచును. డి.ఎన్.ఏ.ను సుమారు 95 డిగ్రీలకు కాచినచో పేటలు విడును. చల్లార్చి, చిన్న తునకలను అతికించి, తగిన ఎంజైమును చేర్చినచో ఒక్కొక్క పేటకు జత యేర్పడును. మరల కాచవలెను, మరల విడును. ఒక్కొక్క దఫాకు సంఖ్య రెట్టింపు. చక్కగా సాగినచో 30 దఫాలలో ఒక్క ప్రతి 107 కోట్లకు మించును. 2020లో కరోనా వ్యాధి వ్యాపించినపుడు ముక్కులోనుండి తీసిన పుల్లను పరీక్షించిన రీతి యిదే. ఆ వైరసు ఆర్.ఎన్.ఏ.ను మొదట డి.ఎన్.ఏ.గా మార్చి పిమ్మట ఇట్లు పెంచిరి. ఆ దినములలో ఈ సభలోని అనేకులు ఆ పుల్ల పరీక్షకు లోనైనవారే.

కాక లేకున్న నేమగును? 1986లో జర్మనీ శాస్త్రజ్ఞుడు ఫాన్ కీడ్రౌస్కీ ఎంజైము సాయము లేక, ఆఱు అక్షరముల చిన్న డి.ఎన్.ఏ. తునక తనవంటిదానిని తానే చేసికొనునట్లు ఏర్పఱచెను. మూడక్షరముల తునకలు రెండు దానిపై జతగా కూర్చుండి తమలో కలిసి పోవును. అట్లు పుట్టినది తల్లివంటిదే. గొప్ప సంగతియే. కాని సంఖ్య రెట్టింపు చొప్పున పెరుగలేదు. అంతకంటె మందముగా పెరిగెను. కారణమేమనగా, పుట్టినది పుట్టించినదానిని అంటిపెట్టుకొని విడువదు. రెండును జతగా నుండిపోవుటచే మఱొక పోతకు ఖాళీయైన మూస చాలినంత దొరకదు. పట్టు బలహీనమైనచో తునకలు కూడనే కూడవు. పట్టు మిక్కిలి బలమైనచో సంతానము విడిపోదు. ఈ రెంటి నడుమ పాటించు ఔచిత్యమే మూసల రసాయనశాస్త్రములోని ముఖ్యమైన చిక్కు.

ఇక అణువులు తమంతట తాము కూడుకొనుటను గూర్చి రెండు మాటలు. పొగాకు ఆకులకు తెగులు కలిగించు ఒక వైరసు గలదు. అది 300 నానోమీటర్ల పొడవు గల సన్నని కడ్డీ. నడుమ ఒక ఆర్.ఎన్.ఏ. పోగు, చుట్టును ఒకే రకమైన ప్రోటీను తునకలు సుమారు 2130, మెట్లవలె చుట్టుకొనియుండును. 1955లో అమెరికాలోని బర్క్‌లీలో ఫ్రేంకెల్ కాన్‌రాట్, విలియమ్స్ అనువారు ఈ ప్రోటీనును, ఆర్.ఎన్.ఏ.ను వేఱుచేసి మరల కలిపిరి. అవి తమంతట తామే కూడుకొని తెగులు కలిగింపగల వైరసులైనవి. ప్రోటీను తునకలు ఆర్.ఎన్.ఏ. లేకయు కొన్ని పరిస్థితులలో కడ్డీలు కట్టును. కాని వాని పొడవునకు నియమము లేదు. ఆర్.ఎన్.ఏ. ఉన్నచో సరిగా 300 నానోమీటర్లవద్ద ఆగును. ఇచ్చట మూస కొలకఱ్ఱ పని చేయుచున్నది.

2006లో పాల్ రోథ్‌మండ్ అను శాస్త్రజ్ఞుడు సుమారు 7000 అక్షరముల పొడవు గల ఒక డి.ఎన్.ఏ. పేటను గైకొని, దానిని మడిచి పట్టునట్లు రెండువందలకు మించిన చిన్న తునకలను వ్రాయించి, అన్నిటిని ఉప్పునీటిలో కలిపి కాచి, మెల్లమెల్లగా చల్లార్చెను. నక్షత్రములు, త్రిభుజములు, నవ్వు ముఖములు వెడల్పున సుమారు 100 నానోమీటర్ల కొలతలో ఏర్పడెను. కాచి మెల్లగా చల్లార్చుటలోని గుట్టు లోహము నెఱిగినవారికి క్రొత్త గాదు. సుత్తిదెబ్బలకు బిరుసెక్కిన రేకును కాచి మెత్తబఱచుట మీ నిత్యకృత్యము. ఇచ్చటను వేడిమి తప్పు అతుకులను విడదీయును; చల్లారుకొలది సరియైన అతుకులు నిలుచును. ఒక్క దెబ్బకు చల్లార్చినచో తప్పులు తప్పులుగానే బిగిసిపోవును.

మహాజనులారా! ఇంతసేపు అణువులను గూర్చి వింటిరి. ఇక మన సంగతికి వత్తును. మనుష్యుడు అణువు గాడు, పోతలోహమును గాడు. ఈ పోలికను నేను మితముగానే వాడెదను. మన సంఘమున రెండు వాదములు వినబడుచున్నవి. కులవృత్తిని విడుచుట పూర్వులకు ద్రోహమని యొక వాదము. కులవృత్తి కూడుపెట్టదు గనుక దానిని మఱచుటయే మేలని రెండవ వాదము. సంఘనిధినుండి యిచ్చు విద్యార్థివేతనములు వృత్తిలో నిలుచు కుఱ్ఱవాండ్రకే యీయవలెనన్న సూచనయు వచ్చియున్నది. ఆ సూచన చేసినవారి వృత్త్యభిమానమును నేను గౌరవించుచున్నాను. కాని దానిని అంగీకరింపవలదని వినయముతో కోరుచున్నాను.

మన యిండ్లు మంచి మూసలే. చిన్ననాడే కొలత తప్పని కన్నును, తొందరపడని చేతిని, అగ్నియందు భయభక్తులను అవి మన బిడ్డలకు ఇచ్చినవి. అట్టి పట్టు లేని యింట బిడ్డ చెదరిపోవును. ఇది రెండవ వాదమువారు గుర్తింపవలసినది. కాని పట్టినదానిని విడువని మూస ఒక్క పోతతో సరి. ఇది మొదటి వాదమువారు గుర్తింపవలసినది. పట్టెడయొద్ద కన్ను కుదిరిన బాలిక రేపు ప్రయోగశాలలో స్ఫటికములు పెంచినచో ఆమె మన రూపమును విడిచినది కాదు; మన రూపమును క్రొత్త లోహములోనికి కొనిపోయినది. వేతనమునకు వృత్తి నియమము పెట్టుట రాగిని కొండీలలోనే యుంచి, ఇవి తిరుగవేమని వగచుట వంటిది.

చదువు కులవృత్తికి శత్రువనుటయు పొరపాటు. బంగారపు పనిలో కాడ్మియము కలిపిన టంకము బహుకాలము వాడబడినది. కే.డి.యం. అను పేరు మీ రందఱు విన్నదే. కాచునపుడు వెలువడు దాని పొగ ఊపిరితిత్తులకును మూత్రపిండములకును హాని చేయును. గాలి యాడని చిన్న గదులలో దినమంతయు ఊదుగొట్టముతో మంటనూదిన పనివారి దేహములే ఆ పొగకు మొదట గుఱియైనవి. సయనైడును, ఆమ్లములును మన యిండ్లలో పిల్లలు తిరుగుచోట్లనే యుండుట నేటికిని చూచుచున్నాము. ఇట్టి గదిలోనికి రసాయనశాస్త్రము చదివిన ఒక్క బిడ్డ అడుగిడినచో పని చెడదు, పనివాడు బ్రతుకును.

కావున నేను కోరునవి మూడు. విద్యార్థివేతనములు ఏ శాస్త్రము చదువగోరినను, బాలురకును బాలికలకును సమానముగా, వృత్తి నియమము లేక యీయబడు గాక. మన వృద్ధశిల్పులు మైనమును గుగ్గిలమును కలుపు పాళ్లను, మట్టిపూతల క్రమమును, కాక గుర్తించు ఆనవాళ్లను వారు జీవించియుండగనే వ్రాయించి భద్రపఱచు గాక; నోటిమాటగా నున్న మూస మనుష్యునితో కూడ పోవును, వ్రాతలో నున్నది పదిమందికి పనికివచ్చును. వసతిగృహమున చదువు పిల్లలు సెలవులలో మన పనిశాలలకు వచ్చి గాలి వెలుతురులు, ఆమ్లముల భద్రత మున్నగు విషయములను పెద్దలతో కలిసి చక్కబఱచు గాక.

మన పూర్వులు మైనమును పోగొట్టుకొనుటకు వగవలేదు. అది కరగి పోవలెననియే వారు దానిని అంత శ్రద్ధతో చెక్కిరి. వారి శ్రద్ధ మనకును, వారి నిస్సంకోచము మన సంఘమునకును కలుగవలెనని కోరుచున్నాను.